నాన్న లైను మీద తెచ్చిన ఫోను

కివి క్రీక్ అనే అడవిపల్లెలో హెల్మీ పొదుపు గురించి కథలు చెప్పుకోని వంటిల్లు లేదు. స్కూలు వంటశాలలో ఎన్నో ఏళ్లుగా పిల్లలకి వడ్డిస్తున్న మనిషి. మొగుడు పోయి చాలాకాలమైంది. బ్రెడ్డు ప్యాకెట్ల ప్లాస్టిక్ సంచులు కడిగి తీగ మీద ఆరేసి మళ్లీ వాడుతుంది. మేజోళ్లకి మడమ దగ్గర పడిన చిల్లులు కుట్టి, ఆ కుట్టు చిరిగితే దాని మీద ఇంకో కుట్టు వేస్తుంది. "నీ ఇంట్లో ఎలకలు కూడా భోజనానికి మా ఇంటికే వస్తున్నాయే" అని వంటశాలలో ఆమెతో పనిచేసే బెర్నడెట్ ఏడిపిస్తుండేది. హెల్మీ నవ్వి ఊరుకునేది.

అలాగని ఆమె పిసినారి కాదు. చర్చిలో అందరూ తలా ఒక వంట తెచ్చి కలిసి తినే ఆదివారం అన్నిటికన్నా బరువైన గిన్నె ఆమెదే. ఎవరింట్లో పురుడొచ్చినా ఆమె అల్లిన ఉన్ని మేజోళ్లు ముందు చేరేవి. మనుషులకి పెట్టడంలో ఆమెకి చెయ్యి వెనకాడదు. కంపెనీలకి పెట్టాలంటేనే ప్రాణం పోయేది.

అలాంటి హెల్మీ 2012 వసంతంలో ఒక స్మార్ట్‌ఫోను మీద మనసు పడింది. బెర్నడెట్ చేతిలోది చూసి పడింది. వేలితో తోస్తే బొమ్మలు జరుగుతున్నాయి, రేపు మంచు పడుతుందో లేదో అదే చెబుతోంది, ఫొటోలు అద్దంలో చూసినట్టుగా వస్తున్నాయి. ఇంత వయసొచ్చాక ఒక ఆటబొమ్మ కోసం నోరూరడం ఏమిటని తనమీద తనకే విస్తుపోయింది. అయినా ఒక శనివారం దగ్గరి పట్నం హౌటన్ వెళ్లి ఫోన్ల షాపులో నిలబడింది.

షాపు అమ్మాయి వివరం చెప్పింది. కుటుంబం ప్లానులో ఉన్న లైన్లలో హెల్మీ లైనుకి కొత్త ఫోను రాయితీలో తీసుకునే గడువు ఇంకా రాలేదు. ఆమె తండ్రి ఆర్వో లైనుకి మాత్రం ఏనాటి నుంచో హక్కు పేరుకుపోయి ఉంది. ఆ లైను మీద తీసుకుంటే ఫోను రాయితీలో, దాదాపు ఊరికే వచ్చేస్తుంది.

"అయితే ఇచ్చెయ్యమ్మా. నెట్టు మాత్రం నాకొద్దు" అంది హెల్మీ.

"అలా కుదరదండీ. ఈ ఫోను తీసుకుంటే నెట్టు ప్లాను ఉండాల్సిందే."

"వాడకపోతే?"

"వాడకపోయినా నెలనెలా కట్టాలండీ. రెండేళ్లు."

వాడని దానికి డబ్బు అడగడం హెల్మీ ఎరిగిన లోకంలో దొంగతనం. ఆ దొంగతనాన్ని ఇంత మర్యాదగా, గోళ్లకి రంగేసుకున్న ఒక చక్కని అమ్మాయి చేత చెప్పించడం ఇంకా ఘోరం. ఫోను అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. వచ్చిందే కానీ మనసు అక్కడే ఉండిపోయింది.

దారి చూపించింది బెర్నడెట్. "మా మరిది చేశాడే. ఫోను తీసుకో. షాపులో వాళ్లముందే మీ నాన్న సిమ్ కార్డు అందులో వేయించు. ఇంటికెళ్లి కార్డు తీసి ఆయన పాత మడత ఫోనులో పెట్టెయ్. తర్వాత కంపెనీకి ఫోన్ చేసి, పెద్దాయనకి కొత్తది చేతకావట్లేదు, పాతదే వాడుకుంటున్నాడని చెప్పు. పాత ఫోనుకి నెట్టు ప్లాను ఎలా వేస్తారు? తీసేస్తారు. కొత్తది నీ దగ్గరే ఉంటుంది. లైబ్రరీలో వైఫై ఊరికే వస్తుంది కదా, అక్కడ కూచుని వాడుకో."

"అంత సులువా?"

"అడిగి చూడు. పోయేదేముంది?"

హెల్మీ అచ్చం అలాగే చేసింది. కంపెనీవాళ్లకి ఫోన్ చేసింది. "మా నాన్నకి ఎనభై దాటాయండీ, ఆ నున్నటి ఫోను ఆయన చేతిలో నిలవట్లేదు" అంది. అవతలివాడు అయ్యో అన్నాడు, ప్లాను తీసేశాడు, మంచిరోజు కోరుకున్నాడు. ఫోను పెట్టేసి హెల్మీ వంటింట్లో కుర్చీలో కూలబడింది. జన్మలో మొదటిసారి ఒక కంపెనీని తను గెలిచింది. నమ్మశక్యం కాలేదు.

ఆ సంగతి విని ఆర్వో పడీపడీ నవ్వాడు. అడవిలో చెట్లు కొట్టి బతికిన మనిషి, చేతులు ఇప్పటికీ పారల్లా ఉంటాయి. ఎప్పుడో గాని నవ్వడు. "మా పెల్టో వంశం రక్తం ఎక్కడికి పోతుందే పిల్లా" అని కూతురి భుజం మీద ఒక్కటి చరిచాడు. అప్పటినుంచి హెల్మీ సంచిలో రెండు ఫోన్లు. ఒకటి మాట్లాడ్డానికి తన పాత మడత ఫోను. రెండోది లైబ్రరీలో కిటికీ పక్కన కూచుని వాతావరణం, వంటలు, పేకాట చూసుకోడానికి. ఈ రెండోదానికి నంబరంటూ ఏదీ లేదని ఆమె నమ్మకం. కార్డు తీసేశాక ఇంకేం ఉంటుంది?

ఆర్వోకి హెల్మీ తర్వాత ఒక కొడుకు ఉన్నాడు, డేల్. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఆ పేరు వినపడలేదు.

డేల్ వేట వార్డెన్. అడవిలో ఎవరు ఏ జంతువుని ఎప్పుడు కొడుతున్నారో చూసి పట్టుకునే ఉద్యోగం. కివి క్రీక్ లాంటి చోట ఆ ఉద్యోగం చేసేవాణ్ని పోలీసుకన్నా హీనంగా చూస్తారు. అయినా తండ్రి కొడుకుతో మాట్లాడుతూనే ఉండేవాడు. పదకొండేళ్ల కిందటి నవంబరు దాకా. ఆ నవంబరులో ఆర్వో ఒక మగ జింకని కొట్టాడు. లైసెన్సు ఉంది, దాంతోపాటు జింకకి ఒకటని ఇచ్చే ట్యాగు, దారమున్న చీటీ, ఉంది. కొట్టగానే ఆ ట్యాగు జింక కొమ్ముకి కట్టాలి. ట్రక్కులో వేసుకుని వస్తుంటే దారిలో ఆపిన వార్డెను సొంత కొడుకు. జింక కొమ్ముకి ట్యాగు లేదు. డేల్ చలానా రాసి తండ్రి చేతిలో పెట్టాడు.

"కట్టాను. దారిలో మంచులో ఎక్కడో ఊడిపోయింది" అని ఆర్వో ఊరంతా చెప్పాడు. చర్చిలో చెప్పాడు, రంపం మిల్లు దగ్గర చెప్పాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. కన్నతండ్రి నోటి మాట నమ్మని కొడుకు. హెల్మీ అయితే తండ్రి ట్రక్కు నడిచిన దారి పొడుగునా రెండ్రోజులు మంచు తవ్వి ఆ ట్యాగు కోసం వెతికింది. వేళ్లు తిమ్మిరెక్కి నల్లబడ్డాయి. దొరకలేదు. ఆ కోపంతో తమ్ముడి మొహం మీదే తలుపు వేసింది. కొన్నాళ్లకి డేల్ బదిలీ చేయించుకుని, సరస్సుల మీది పెద్ద వంతెన దాటి దక్షిణాన గేలార్డ్ వెళ్లిపోయాడు. అక్కడివాళ్లని ఇక్కడివాళ్లు, కథల్లో వంతెన కింద ఉండే భూతాలతో పోల్చి, వంతెన కిందివాళ్లని అంటారు. అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

ఫోను కొన్న ఏడాది అక్టోబరులో ఒక శనివారం పొద్దున హెల్మీ లైబ్రరీ కిటికీ దగ్గర పేకాట ఆడుకుంటోంది. తెర పైన ఒక మెసేజ్ దిగింది. కింద ఎవరిదో తెలియని నంబరు. రెండే మాటలు. "ఎన్ని గంటలకి?"

నంబరే లేని ఫోనుకి మెసేజ్ ఎలా వచ్చింది? ఎన్ని గంటలకి ఏమిటి? మొదట తట్టింది కంపెనీయే. కనిపెట్టేశారు. ఇది వల. జవాబిస్తే నెట్టు వాడినట్టు లెక్కేసి రెండేళ్ల డబ్బు ఒక్కసారి గుంజుతారు. జవాబివ్వకపోతే మళ్లీ మళ్లీ పంపి దానికీ లెక్క కడతారు. చుట్టూ చూసింది. లైబ్రేరియన్ పుస్తకాలు సర్దుకుంటోంది. హెల్మీ రెండు వేళ్లతో, నిప్పు ముట్టుకున్నట్టు టైపు చేసింది. "తప్పు నంబరు. దయచేసి ఇంకెప్పుడూ పంపకండి."

ఆ మీదట మాటకింత అని లెక్క కడతారేమోనని అనుమానం వచ్చింది. "దయచేసి" తీసేసింది. "పంపకండి" పొడుగ్గా ఉందని "పంపకు" చేసింది. పంపించి, ఫోను ఆపేసి సంచి అడుక్కి తోసేసింది. వారంపాటు దాన్ని ముట్టలేదు. మళ్లీ మెసేజ్ రాలేదు. కంపెనీని రెండోసారి గెలిచాననుకుంది.

సరిగ్గా ఆ శనివారం తర్వాత ఆర్వో సౌనా చల్లారింది.

ఆర్వో తండ్రి దుంగలతో కట్టిన ఆవిరిస్నానం గది అది. వాగు ఒడ్డున ఉంటుంది. శనివారం మధ్యాహ్నం దాని గొట్టంలోంచి పొగ రాకపోతే ఊరివాళ్లు గడియారాలు చూసుకునేవాళ్లు. భార్యని పూడ్చి వచ్చిన రోజు కూడా శనివారమేనని ఆర్వో అది వెలిగించాడు. అలాంటి మనిషి వరసగా శనివారాలు వదిలేస్తుంటే హెల్మీకి కాళ్లు చేతులు ఆడలేదు. ఏమైందంటే "కట్టెలు తడిశాయి" అన్నాడు. షెడ్డు నిండా ఎండి బీటలేసిన మేపుల్ కట్టెలున్నాయి. నడుం నొప్పా అంటే లేదు. డాక్టరు దగ్గరికి పోదామంటే రాడు. మంచు కురిసి కురిసి సౌనా గుమ్మం మూసుకుపోయింది. తవ్వలేదు.

మార్చిలో ఒక శనివారం హెల్మీ మాంసం, బంగాళాదుంపలు కూరిన పాస్టీలు చేసుకుని తండ్రి దగ్గరికి వెళ్లింది. ఆర్వో బల్ల దగ్గర కూచుని కిటికీలోంచి సౌనా వైపు చూస్తున్నాడు. "మంచు కరగ్గానే పక్కింటి హైకీ ట్రాక్టరు తెస్తానన్నాడు. పడగొట్టిస్తాను" అన్నాడు.

"దేన్ని?"

"దాన్నే."

హెల్మీ పాస్టీల పళ్లెం బల్ల మీద పెట్టేసింది. తాత కట్టిన గది. తనూ డేల్ అందులోనే పుట్టారు. అప్పట్లో మంత్రసానులు పురుళ్లు అక్కడే పోసేవాళ్లు.

"నాన్నా, ఎందుకో చెప్పకపోతే నేను ఇక్కణ్నుంచి కదల్ను."

ఆర్వో కాఫీ పోసుకున్నాడు. కూతురికి పోశాడు. చాలాసేపు చెంచా తిప్పాడు. "వాణ్ని పిలిచాను" అన్నాడు.

"ఎవర్ని?"

"వాణ్నే. ఒక్కడేగా ఉన్నాడు." జేబులోంచి మడత ఫోను తీసి బల్ల మీద తోశాడు. "చర్చిలో ఎవరినో అడిగి నంబరు తీసుకున్నా. నువ్వు నేర్పావు కదా మెసేజ్ కొట్టడం. సాయంత్రమంతా పట్టింది. జవాబు రాలేదు. రాడని అర్థమైంది. ఇంక ఆ గది ఎవరికి?"

హెల్మీ ఫోను తెరిచింది. అక్టోబరు తారీకు. "శనివారం సౌనా కాస్తున్నా. రా." అంతే. పేరు లేదు, క్షమాపణ లేదు. కానీ ఆర్వో నోటి నుంచి పదకొండేళ్ల తర్వాత అంత మాట రావడమంటే వాగు వెనక్కి పారినట్టే. ఆ ఊళ్లో కాఫీ ఒక్కటే మూడుసార్లు అడుగుతారు. మిగతావన్నీ ఒక్కసారే. జవాబు రాలేదంటే కాదనే జవాబు. రెండోసారి అడిగితే అడుక్కున్నట్టు.

అప్పుడు పైన ఉన్న నంబరు చూసింది. మొదటి మూడంకెలు వంతెన కిందివి. ఆ అంకెలు ఎక్కడో చూసింది. ఎక్కడ చూసిందో చప్పున గుర్తొచ్చింది.

సంచిలోంచి రెండో ఫోను తీసింది. ఆ మెసేజ్ తెరిచింది. అదే నంబరు. "ఎన్ని గంటలకి?" దాని కింద తను రాసిన మాటలు. "తప్పు నంబరు. ఇంకెప్పుడూ పంపకు."

షాపులో కార్డు వేసిన కాసేపట్లోనే ఆ ఫోను ఆర్వో నంబరుని మనసులో పెట్టేసుకుంది. కార్డు పోయింది కానీ నంబరు పోలేదు. అదే రకం ఫోను వాడేవాళ్లు ఎవరైనా ఆర్వోకి మెసేజ్ పెడితే అది ఆయన మడత ఫోనుకి పోకుండా లైబ్రరీ వైఫైలోంచి వచ్చి హెల్మీ ఒళ్లో వాలుతుంది. హెల్మీ రాసేది ఆర్వో రాసినట్టుగా అవతల కనపడుతుంది. ఆర్వోకి మెసేజులు పెట్టేవాళ్లు లోకంలో ఎవరూ లేరు గనక ఇన్నాళ్లూ ఈ గుట్టు బయటపడలేదు. ఒక్కడు పెట్టాడు. ఒక్కసారి పెట్టాడు.

హెల్మీ లేచి, ఏదో బండిలో మర్చిపోయానని గొణిగి, బయటికి వచ్చి కారులో కూచుంది. తన పాత మడత ఫోనులో ఆ నంబరు నొక్కింది.

"ఆఫీసర్ పెల్టో" అంది అవతలి గొంతు.

"డేల్, నేను హెల్మీని."

"నాన్నకేమైనా అయిందా?" అన్నాడు.

"లేదు. బానే ఉన్నాడు. అక్టోబరులో నువ్వు నాన్నకి మెసేజ్ పెట్టావా?"

"పెట్టాను. జవాబు కూడా ఇచ్చాడు. ఇంకెప్పుడూ పంపకు అన్నాడు. పంపలేదు. ఇప్పుడేం కావాలి?"

"అది నాన్న రాసింది కాదురా. నేను రాశాను."

ఆ తర్వాత డేల్ మాట్లాడిన తీరు అచ్చం అడవిలో ట్రక్కు ఆపిన వార్డెన్ తీరే. ఏ ఫోను, ఎవరి లైను, కార్డు ఎప్పుడు తీశావు, కంపెనీకి ఏం చెప్పావు. హెల్మీ ఒక్కొక్కటే చెప్పింది. ఏడుపు ఆపుకుంటూ చెప్పింది.

"అంటే రాయితీలో ఫోను తీసుకుని, ప్లాను పెట్టించినట్టే పెట్టించి తీయించేశావు."

"అవును."

"నీకూ ఒక చలానా రాయాల్సిందే అక్కా."

హెల్మీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఆ మెసేజ్ పెట్టినప్పుడు ఇంట్లో ఉన్నావా?" అని అడిగింది.

"ఇంట్లోనా? మునిసింగ్‌లో ఉన్నాను. పెట్రోలు బంకులో. బండి ఆపుకుని పాస్టీ తింటూ పెట్టాను."

మునిసింగ్ అంటే వంతెన దాటి వచ్చాక సగం దారి.

"తెల్లారకముందే బయల్దేరాను. ముందే వెళ్తే గుమ్మంలో నిలబడాలి, ఆలస్యమైతే ఆయన కట్టెలు వేస్తూ కూచోవాలి. అందుకని అడిగాను, ఎన్ని గంటలకని. జవాబు చూసి మిగిలిన పాస్టీ పారేసి వెనక్కి తిప్పాను."

"నీకు అనుమానం రాలేదా? నాన్నే పిలిచి నాన్నే తప్పు నంబరంటాడా?"

"ఎందుకొస్తుంది?" అన్నాడు డేల్. "అచ్చం ఆయన మాటలాగే ఉంది కదా."

హెల్మీ ఒక్కసారి అడిగింది, ఇప్పుడు వస్తావా అని. "నువ్వు పిలిస్తే ఎలా వస్తాను? పిలవాల్సింది నువ్వు కాదు" అన్నాడు డేల్, మెల్లగానే. ఫోను పెట్టేశాడు.

తండ్రికి చెప్పకుండా ఎలాగైనా సర్దేయాలని ఆమెకి ఒక క్షణం అనిపించింది. అబద్ధం ఆడదామా, డేలే మళ్లీ మెసేజ్ పెట్టాడని చెబుదామా. కానీ ఈ ఇంట్లో అతితెలివి వల్ల జరిగినది ఇంత కళ్లముందు కనపడుతుంటే ఇంకో అతితెలివికి మనసొప్పలేదు. లోపలికి వెళ్లి ఫోను తండ్రి ముందు పెట్టింది. మొదటినుంచీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన పారలాంటి చేతులే చూసింది.

ఆర్వో కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తెర మీద రెండు ముక్కలూ చదివాడు. మళ్లీ చదివాడు. హెల్మీ తిట్ల కోసం ఎదురుచూసింది. ఆయన తిట్టలేదు.

"నేనే రాసినట్టుంది" అన్నాడు.

"కాదు నాన్నా, నేనే, భయపడి..."

"నువ్వు రాసింది సరే. వాడు చదివింది నా మాట. నా కొడుకు ఇది చదివి, అవును ఇది మా నాన్నే అనుకున్నాడు." అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "వాడు బయల్దేరాడా లేదా ఆ రోజు?"

"మునిసింగ్ దాకా వచ్చాడు."

ఆర్వో పెదవులు కదిలాయి. ఆ ఊరి పేరు లోపల్లోపల అనుకున్నాడు. భార్య శవపేటిక మీద మట్టి వేసినప్పుడు కూడా తడవని కళ్లు అవి. ఇప్పుడు నీళ్లు వాటంతటవే గడ్డం మీదికి కారుతుంటే తుడుచుకోవాలని కూడా ఆయనకి తెలియలేదు. హెల్మీ భయపడిపోయింది. తండ్రి ఏడవగలడని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"బండి తియ్యి" అన్నాడు ఆర్వో.

"ఫోన్ చేసి పిలువు నాన్నా. నీ మాట వింటే వస్తాడు."

"వాడు ఒకసారి వచ్చాడుగా. ఇప్పుడు వంతు నాది."

మునిసింగ్‌లో పెట్రోలు బంకు కనపడగానే ఆర్వో ఆపమన్నాడు. దిగి, మురికిపట్టిన మంచుగుట్టల మధ్య కాసేపు నిలబడి, బండ్లు మలుపు తిరిగే చోటు చూసి, మళ్లీ ఎక్కాడు. వంతెన మీద గాలి కారుని పక్కకి తోస్తుంటే తలుపు పిడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వంతెన కిందికి ఆయన వచ్చి ఎన్నేళ్లయిందో హెల్మీకి తెలియదు.

గేలార్డ్‌లో డేల్ ఇల్లు కనుక్కునేసరికి వెలుగు తగ్గుతోంది. డేల్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టున్నాడు, ఇంకా యూనిఫాంలోనే తలుపు తీశాడు. జుట్టు నెరిసింది. ఆర్వో పలకరించలేదు. గుమ్మం కింద నిలబడి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ట్యాగు ఊడిపోలేదు" అన్నాడు ఆర్వో. "కట్టనేలేదు. ఇంకో జింకకి పనికొస్తుందని జేబులో పెట్టుకున్నా."

హెల్మీ తను సరిగ్గానే విన్నానా అని తండ్రి వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు.

"తెలుసు నాన్నా" అన్నాడు డేల్. "ఆ రోజే చూశాను. నీ కోటు జేబులోంచి దాని దారం వేలాడుతోంది."

"మరి అది రాయలేదే."

"ట్యాగు లేదని రాశాను. అంతవరకు రాయక తప్పదు. నువ్వు అబద్ధం చెప్పావని కూడా రాయాలా?"

ఆర్వో తల వాలిపోయింది. చేతిలో టోపీ నలిగిపోతోంది. డేల్ రెండు మెట్లు దిగి వచ్చి తండ్రి మోచెయ్యి పట్టుకుని, పసివాణ్ని నడిపించినట్టు లోపలికి తీసుకెళ్లాడు.

హెల్మీ బయటే నిలబడిపోయింది. ఆ నవంబరులో తను మోకాళ్ల మీద కూచుని మంచు తవ్వుతుంటే డేల్ బండి ఆపి దిగి వచ్చి, "వెతక్కు అక్కా, అది దొరకదు" అన్నాడు. తను మంచుముద్ద తీసి తమ్ముడి మొహాన కొట్టింది. ఊరు ఊరంతా కన్నతండ్రిని నమ్మని కొడుకని ఉమ్మేస్తుంటే, ట్యాగు నాన్న జేబులోనే ఉందని వాడు ఒక్క మాట చెబితే చాలు, ఆ మాట వాడు చెప్పలేదు. చెప్పకుండా ఊరే వదిలేసి పోయాడు. లోపలినుంచి డేల్ పిలిచాడు, చలిలో ఏం చేస్తున్నావక్కా, రా అని. హెల్మీ మెట్టు ఎక్కలేదు. వాడు రెండోసారి పిలిచాడు.